సగం ఇంటికి సౌష్ఠవం

1983 జూలై 10, ఆదివారం

ఇవాళ్టి మాట: సౌష్ఠవం!

నిన్న మా తెలుగయ్యవారు చెప్పారు. రెండు పక్కలా సమంగా, చూడముచ్చటగా ఉండడమట. మనిషి ముఖంలో ఉంటుంది. సీతాకోకచిలుకలో ఉంటుంది. ఈ మాటను రాత్రి అన్నంతో పాటు నమిలాను. పొద్దున లేచి వీధిలో నిలబడి మా ఇంటి ముఖం చూశాను.

లేదు. చుక్కంత కూడా లేదు.

మాది సగం ఇల్లు. తాత, తాత తమ్ముడు పంచుకున్నప్పుడు ఇంటిని నడిమికి కోసేశారట. తాత తమ్ముడి సగాన్ని రత్నస్వామి అనే లుంగీల వ్యాపారి కొని, పడగొట్టి, మిద్దె కట్టాడు. మా సగంలో ఎడమ చివర తలుపు. దాని పక్కన కూర్చునే తిన్నె. ఆ తర్వాత ఉత్త గోడ, ఉత్త గోడ, ఇంకా ఉత్త గోడ. కుడి చివర మోకాలెత్తులో ఒకే ఒక కిటికీ. లోపల నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తాడు గనుక కిటికీ అంత కింద ఉంది. దూరం నుంచి చూస్తే ఇల్లు ఒక పక్కకు ఒరిగి, ఒంటికన్నుతో నేలమీద ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అన్న తంగరాజు పెళ్లి కోసం. రెండు సంబంధాలు వచ్చాయి. ఆడపిల్ల వైపువాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చారు. వీధిలోనే నిలబడి ఇంటిని చూశారు. కాఫీ తాగారు. "చెప్పి పంపిస్తాం" అన్నారు. ఇంతవరకూ ఎవరూ ఏమీ చెప్పి పంపలేదు.

ఇప్పుడు మూడోది. తిరువాలంగాడు. వాళ్ళూ మగ్గం వాళ్ళే. పిల్ల పేరు తిరుమలమ్మ. అన్న ఆమెను ఎవరి పెళ్లిలోనో ఒకసారి చూశాడు. అప్పట్నుంచి రోజూ రెండుసార్లు తల దువ్వుకుంటున్నాడు. ఆషాఢంలాగే ఆడి నెలలో పెళ్లిమాట ఎత్తకూడదు గనుక వాళ్ళు ఆడి కృత్తిక పండగకు కొండమీద స్వామిని చూడ్డానికి వచ్చినట్టు వచ్చి, ఇల్లు చూసి పోతారట. ఎవరితోనూ ఏమీ చెప్పరట. ఊరికే!

తీర్మానం: కృత్తికలోపల మా ఇంటి ముఖానికి సౌష్ఠవం తెచ్చి తీరుతాను. ఇట్లు, అలమేలు.

జూలై 11, సోమవారం

ఇవాళ్టి మాట: కుడ్యం. (గోడే. కానీ ఎంత బలంగా ఉంది!)

బడి నుంచి రాగానే నూలు దారంతో కుడ్యాన్ని కొలిచాను. బొమ్మ గీశాను. బొమ్మలో ఇల్లు చాలా బాగుంది. నాయన దగ్గరికి వెళ్ళాను.

"నాయనా, కిటికీని ఒక మూర పైకి జరపొచ్చునా?"

మగ్గం ఆగింది. మా ఇంట్లో మగ్గం ఆగిందంటే అందరూ జాగ్రత్తగా ఉండాలి.

"పైకి జరిపితే వెలుతురు యాడ పడ్తాది?"

"నీ తలమీద."

"నేను తలతో నేస్తా ఉండానా?"

మగ్గం మళ్ళీ మొదలైంది.

సవరణ: కిటికీ ఉన్నచోటే ఉంటుంది. మిగతా గోడ దానికి తగ్గట్టు మారుతుంది.

జూలై 14, గురువారం

ఇవాళ్టి మాట: లత.

ఉత్త గోడ కింద సన్నజాజి నాటాను. అది పాకి, పూచి, గోడను కప్పేస్తుంది. సాయంత్రం వెళ్ళి చూస్తే దాని పక్కనే అవ్వ ఇంకో గుంత తవ్వి ఏదో పాతిపెడుతోంది.

"ఏందవ్వా అది?"

"సొరగింజలు."

"సొరపాదా! ఇంటిముందరా?"

"నీ జాజిపూలతో పులుసు కాస్తామా మే? ఎక్కేది ఎట్లా ఎక్కతాది గదా, కాయ గాసేది ఎక్కనీ."

సరే. రెండు లతలు. రెండింతల శోభ!

జూలై 17, ఆదివారం

ఆడి పుట్టింది. జాజి చచ్చింది. రత్నస్వామి మేక తినేసింది. సొరగింజలు ఇంకా మొలవలేదు గనుక బతికి ఉన్నాయి.

అమ్మ అంది: "మేకకి తెలుసునా నీ అన్న పెండ్లి?"

అన్న మాత్రం అద్దం ముందు నిలబడి పాపిట కుడివైపునుంచి ఎడమవైపుకు మార్చాడు.

జూలై 20, బుధవారం

ఇవాళ్టి మాట: భ్రాంతి!

మొక్క అయితే మేక తింటుంది. బొమ్మను ఎవరు తింటారు? అందుకని ఉత్త గోడ నడుమ నేనే ఒక కిటికీ గీశాను. దీపం మసి, సున్నం, తుండుగుడ్డలకు వేసే నీలిమందు. నాలుగు కమ్ములు. ఒక నీలిరంగు తెర. తెరకు గాలి వీస్తున్నట్టు రెండు మడతలు కూడా!

ఫలితాలు:

సాయంత్రం ఒక ముసలాయన బొమ్మ కిటికీ దగ్గర నిలబడి "అమ్మా, కాసిన్ని నీళ్ళు" అని చాలాసేపు అడిగాడు. ఎవరూ పలకలేదని తిట్టుకుంటూ పోయాడు. (భ్రాంతి విజయం.)

నాయన బయటికి వచ్చి, నడుంమీద చేతులు పెట్టుకుని చూశాడు. "నిన్నటిదాకా ఒంటికన్ను. ఇప్పుడు మెల్లకన్ను" అన్నాడు.

నిజమే. నిజం కిటికీ కింద ఉంది, నా కిటికీ పైన ఉంది. ఇల్లు ఒక కంటితో నేలనూ ఒక కంటితో కొండనూ చూస్తోంది. కానీ కొండమీద స్వామి ఉన్నాడు గదా, చూస్తే తప్పేమిటి?

జూలై 23, శనివారం

వాన.

నీలిమందు కారింది. మసి కారింది. ఇల్లు కాటుక పెట్టుకుని ఏడ్చినట్టుంది.

అమ్మ వాకిట్లోకి వచ్చి, "ఇంట్లో ఎవరన్నా పొయ్యినారా అని అడగతా ఉండారే అలమేలూ" అంది. నేను తలనొప్పి అని చెప్పి పడుకున్నాను.

జూలై 24, ఆదివారం

తలనొప్పి. గోడ చూడలేదు.

జూలై 25, సోమవారం

భూగోళం పరీక్ష. గోడ చూడలేదు.

జూలై 26, మంగళవారం

అసలు ముఖాలు చూసి మనుషులను అంచనా వేయడమే తప్పు అని మా అయ్యవారు అన్నారు. ఇళ్ళకు కూడా అదే వర్తిస్తుందని నాకు అనిపిస్తోంది.

కానీ అన్న ఇవాళ తలకు కొబ్బరినూనె రాసుకుంటూ మెల్లగా అడిగాడు: "అలమేలూ, వాళ్ళు వచ్చేలోపల ఆ గోడ కడిగేస్తావు గదా?"

అంతే. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

జూలై 27, బుధవారం

ఇవాళ్టి మాట: ఆపద్బాంధవుడు. అంటే పళనన్న!

పళనన్న కొండ కింద యాత్రికులు దిగే మడాలకూ మండపాలకూ పండగముందు రంగులు వేస్తాడు. మా వీధిలో పోతూ, మా గోడ చూసి సైకిల్ దిగాడు.

"ఎవురు చచ్చినారు పాపా?"

"ఎవరూ చావలేదన్నా. నేనే గీసినా."

చాలాసేపు చూశాడు. "ఈ గోడకి ఒకటే మందు. పట్టెలు! ఒకటి సున్నం, ఒకటి కావి, మళ్ళా సున్నం, మళ్ళా కావి. పైనుంచి కిందికి. గోడ యాడ పొడుగో యాడ పొట్టో ఎవురికీ తెలీదు. పడిపొయ్యే మండపం గూడ పెండ్లికొడుకు మాదిరి అయిపోతాది."

అతని దగ్గర మండపాలకు కలిపిన కావి మిగిలి ఉందట. రేపు వస్తానన్నాడు. పొద్దున్నే సంగటి, చింతకాయ పచ్చడి పెడితే చాలునట.

జూలై 28, గురువారం

ఇవాళ్టి మాట: సౌష్ఠవం. సౌష్ఠవం! సౌష్ఠవం!!

బడికి పోలేదు. పట్టెలు నేనే లెక్క చూసుకున్నాను. తలుపుకు ఇటు ఎన్నో అటు అన్ని వచ్చేట్టు సన్నంగా, లావుగా సర్దించాను. తిన్నెకు కూడా పట్టెలే. నా ఏడుపు కిటికీ కావి కింద మాయమైంది. నిజం కిటికీ కూడా రెండు ఎర్ర పట్టెల నడుమ ఎంతో మర్యాదగా కనబడుతోంది.

సాయంత్రపు ఎండలో ఇల్లు వెలిగిపోయింది. అమ్మ పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అన్న వీధి ఆ చివరికి పోయి చూసి, ఈ చివరికి వచ్చి చూశాడు. నాయన కూడా, "పర్వాలేదు. నిలబడి ఉండాది" అన్నాడు. మా నాయనకు అది కావ్యం!

అవ్వ కొట్టునుంచి వస్తూ, ఇంటిముందు ఆగి, చెప్పులు విడిచి, చెంపలు వేసుకుని లోపలికి వచ్చింది.

"ఏందవ్వా, ఇంటికి దండం పెడ్తావు?"

"అయ్యో, మన ఇల్లా!" అంది. అందరం నవ్వుకున్నాం.

ఆగస్టు 1, సోమవారం

నవ్వుకున్నది తప్పు.

కృత్తిక జనం రావడం మొదలైంది. బస్సుల నిండా, బండ్ల నిండా నెమలి ఈకల కావళ్ళు. పొద్దున తలుపు తీసేసరికి మా గడప ముందు ఎవరివో చెప్పులు కుప్పగా ఉన్నాయి. తిన్నెమీద ఒక కుటుంబమంతా నిద్రపోతోంది. ఒకాయన లేచి అమ్మను అడిగాడు: "ఇది ఏ మడమమ్మా? మజ్జిగ ఎప్పుడు పోస్తారు?"

అప్పుడు అర్థమైంది. కొండ కింద మడాలన్నిటికీ ఇవే పట్టెలు. ఇదే కావి. ఇదే చెయ్యి.

అమ్మ ఇది ఇల్లని చెప్పింది. చెప్పి, లోపలికి వచ్చి, మజ్జిగ చిలికింది. "మీరట్ల చూడొద్దండి నన్ను. అడిగినోళ్ళకి లేదనేదెట్ల?" అంది నాయనతో.

ఆగస్టు 2, మంగళవారం

భరణి, కృత్తికకు ముందురోజు. తిన్నెమీద మూడు కావళ్ళు దించారు. నెమలి ఈకలు లోపలికి వస్తున్నాయి. ఎవరో మా గడపకు పసుపు రాసి బొట్లు పెట్టారు. ఎవరో టెంకాయ కొట్టారు. అవ్వ చిప్ప తెచ్చుకుని, "తీసుకోకుంటే సామికి కోపమొస్తాది" అంది.

రాత్రికి బిందెతో నీళ్ళు తెచ్చి గోడ తోమి చూశాను. కావి పోలేదు. చెయ్యి ఎర్రబడింది.

ఇంకొక సంగతి. రేపు అవ్వ అన్నను కొండకు తీసుకుపోయి గుండు కొట్టిస్తుందట. సంబంధం కుదిరితే గుండు అని మొక్కు. కుదరకముందే ఎందుకు అని అడిగాను.

"ముందే ఇచ్చేస్తే సామికి మొగమాటం. పని జెయ్యకుండా ఉండలేడు" అంది.

అన్న తన జుట్టును చివరిసారి దువ్వుకున్నాడు.

ఆగస్టు 3, బుధవారం. కృత్తిక

ఇవాళ్టి మాట: లేదు. నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే అవ్వా అన్నా కొండకు పోయారు. నాయన, "పండగైతే నాకేం, ఈ చీర అంచు రేపటికి కావాల" అని మగ్గం గుంటలోకి దిగాడు. ఒంటిమీద చొక్కా లేదు. నుదుటిమీద విభూతి. కిటికీ తెరిచే ఉంది. వెలుతురు కావాలి గదా.

ఒక పెద్దామె తిన్నె దిగి, ఈ గుళ్ళో స్వామి ఎక్కడా అని వంగి కిటికీలోకి చూసింది. నేలలోనుంచి నడుందాకా పైకి లేచిన మనిషి! విభూతి! చేతులు అటూ ఇటూ ఆడుతున్నాయి!

"అరోగరా! సామి భూమిలోనుంచి వచ్చి ఉండాడు!"

తర్వాత వరస కట్టారు. వంగడం, చూడడం, దండం. కిటికీలోనుంచి పూలు పడ్డాయి. అరటిపండ్లు పడ్డాయి. ఒకటి పడుగుమీద పడి చితికింది.

"నేను సామి గాదు! మునిరత్నం! పోండి!" అని నాయన అరిచాడు.

"కోపమున్న సామికే శక్తి జాస్తి" అని పెద్దామె వెనకవాళ్ళకు చెప్పింది. వరస ఇంకా పొడుగైంది.

అమ్మ మజ్జిగ పోస్తూనే ఉంది. నేను గ్లాసులు కడుగుతూనే ఉన్నాను. తిన్నెమీద ఒక పెద్దమనిషి, ఆయన భార్య, ఒక అమ్మాయి కూర్చుని ఉన్నారు. పెద్దమనిషి భార్య రెండో గ్లాసు తాగి, నన్ను పిలిచింది.

"పాపా, ఈడ మగ్గం మునిరత్నం ఇల్లు యాడ?"

"మీరు యాడనుంచి?"

"తిరువాలంగాడు. ఊరికే కొండకి వచ్చినాం. ఊరికే."

ఇంటిని చూశాను. గడప నిండా చిప్పలు, కర్పూరం మసి, అరటితొక్కలు, చెప్పుల కుప్ప. కిటికీ ముందు వంగిన వీపులు. పక్కన చూశాను. రత్నస్వామి మిద్దె. తలుపుకు ఇటు ఒక కిటికీ, అటు ఒక కిటికీ. ఆకుపచ్చ రంగు. ఎంత ప్రశాంతం! ఎంత సమం!

నా చెయ్యి దానంతట అదే లేచింది.

"అదో, ఆ మిద్దె."

వాళ్ళు లేచి పోయారు. నేను పరుగెత్తి అమ్మతో చెప్పాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"వాళ్ళేనా! యాడికి పంపించినావు?"

"మిద్దెకు."

"పాపిష్టిదానా, ఆ ఇంట్లో కుక్కుండాదే!"

ఇద్దరం చెప్పులను చీపురుతో తోశాం. చిప్పలను బుట్టకెత్తాం. జనాన్ని లేపుదామంటే ఎవరూ లేవరు, ప్రసాదం ఎప్పుడని అడుగుతారు. ఇంతలో కుక్క మొరిగింది. ముగ్గురూ తిరిగి వస్తున్నారు, కొంచెం వేగంగా.

ఆ అమ్మాయి మా ఇంటిముందు ఆగి చెవి పెట్టింది.

"అమ్మా, ఆ మిద్దెలో మగ్గం చప్పుడు లేదు. చప్పుడు ఈ గుళ్ళోనుంచి వస్తా ఉండాది."

వెళ్ళి కిటికీ దగ్గర వంగింది. లోపలినుంచి నాయన గొంతు వీధంతా వినబడింది: "సామీ లేదు గీమీ లేదు! ఇంకొక పండు యేసినావంటే మగ్గం నాడె తీసి మొగాన కొడ్తా!"

"సామి లేకుంటే పోనీలే మామా. మునిరత్నం మామ ఉండాడా?"

మగ్గం ఆగింది.

అప్పుడే, సరిగ్గా అప్పుడే, వీధి మలుపులో అన్న. నున్నటి గుండు. గుండు నిండా చందనం. పక్కన అవ్వ. తిన్నెమీది జనం లేచి, "పూజారి వచ్చినాడు, దావ ఇడవండి" అని పక్కకు జరిగారు. ఒకామె అన్న చేతిలో కర్పూరం పెట్టింది. అన్న ఆ కర్పూరంతో, ఆ గుండుతో, ఆ అమ్మాయికి ఎదురుగా నిలబడిపోయాడు.

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వీ నవ్వీ గడపమీద కూలబడింది. వాళ్ళమ్మ నవ్వలేదు. నన్నే చూసింది.

"ఏం పాపా, ఆ మిద్దె మీది గాదా?"

నేను ఖాళీ గ్లాసులు ఎత్తుకుని మళ్ళీ కడగడం మొదలుపెట్టాను.

"సరి, వస్తాం" అని లేచారు. "ఊరికే వచ్చినాం."

ఆగస్టు 4, గురువారం

జనం పోయారు. పట్టెలు ఉన్నాయి.

అమ్మ నాతో మాట్లాడలేదు. నాయన అరటిపండు మరక పడిన పోగులను ఒక్కొక్కటే తీస్తున్నాడు. అన్న నూలు కండెలు చుడుతుంటే, చెయ్యి తలమీదికి పోవడం, అక్కడ ఏమీ లేక తిరిగి రావడం చూశాను. పక్కన కూర్చున్నాను.

"ఆ పిల్ల నవ్వింది చూసినావా?" అన్నాడు.

"చూసినా అన్నా."

"ఎగతాళి నవ్వా? మంచి నవ్వా?"

"తెలీదన్నా."

"నాకూ తెలీదు" అన్నాడు. కండె పక్కన పెట్టి, "అబద్ధం ఎందుకు చెప్పినావే? పట్టెలు నవ్వుకునేటివి. అబద్ధం నవ్వుకునేది గాదు" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

తీర్మానం రద్దు. ఇక గోడ జోలికి పోను. నోటి జోలికి కూడా పోను.

ఆగస్టు 6, శనివారం

సాయంత్రం తిరువాలంగాడు పెద్దమనిషి వచ్చాడు! పిల్ల తండ్రి. ఆదిమూలం. గొడుగు మూసుకుని తలుపు దాటి, తిన్నె దాటి, కిటికీ ముందు వీధిలో గొంతుక్కూర్చున్నాడు. నాయన లోపల గుంటలో, ఆయన బయట వీధిలో. ముఖాలు సరిగ్గా ఎదురెదురు.

"లోపలికి రా బావా" అన్నాడు నాయన.

"వద్దు వద్దు. ఆడి. లోపలికి వచ్చి మాట్లాడితే మాట అయిపోతాది. కిటికీలో మాట్లాడితే మాట గాదు."

"అదీ సరే."

అమ్మా అవ్వా నేనూ తలుపు వెనక. అన్న మగ్గం వెనక.

"ఊరికే వచ్చినా. మా పిల్ల ఏదో అనింది, అది చెప్పి పోదామని. చెప్పమని గాదు అనింది. ఊరికే అనింది."

"ఏమనింది?"

"ఆడి పోయి ఆవణి వచ్చేలోపల ఆ పట్టెలు తీసెయ్యమనింది. రేపు పొద్దున లేచి వాకిట్లో ముగ్గేస్తా ఉంటే, ఎవడో వచ్చి నా ముందర కర్పూరం ముట్టిస్తే నేనేం జేసేది అనింది."

మగ్గం వెనక కండెల బుట్ట పడిపోయింది. కండెలు ఇల్లంతా దొర్లాయి.

అవ్వ నా చెవిలో, "చూసినావా? సామికి మొగమాటం" అంది.

ఆదిమూలం గొంతు తగ్గించాడు. "మా ఆడమనిషికే కొంచెం కోపం. చిన్నపాప మిద్దె చూపించిందని. తిరుమలమ్మ ఏమందంటే, అమ్మా, ఆ పొద్దు ఈ ఇల్లు నాదైంటే నేను గూడ మిద్దెనే చూపించి ఉంటాను అనింది."

నేను తలుపు వెనకే నేలమీద కూర్చున్నాను.

అమ్మ కిటికీలోనుంచి చెయ్యి చాపింది. "అన్నా, మజ్జిగ తాగితే మాట అయిపోతాదా?"

"మజ్జిగ మాట గాదమ్మా. ఈ ఊరిలో అందరికీ పోస్తా ఉండారు గదా మీరు" అని గటగటా తాగేశాడు.

ఆయన పోయాక అన్న నా తలమీద ఒక మొట్టికాయ వేశాడు. గట్టిగానే వేశాడు. పర్వాలేదు.

ఆగస్టు 7, ఆదివారం

ఇవాళ్టి మాట: పునఃప్రారంభం!

తీర్మానం: ఆవణి పుట్టేలోపల మా ఇంటికి ఇల్లులాంటి ముఖం తెచ్చి తీరుతాను. ఉత్త సున్నం. వేరే రంగు లేదు, బొమ్మ లేదు, లత లేదు. వదిన వాకిట్లో ముగ్గు వేస్తుంటే వీధిలో పోయేవాళ్ళకు మనిషిలా కనబడాలి, అంతే. కిటికీ ఒకటే అయినా, ఎంత కిందున్నా ఏమీ అనను. సాక్షి సంతకం: తంగరాజు.

పొద్దున: సున్నం నానబెట్టాను.

మధ్యాహ్నం: అన్న, నేను మొదటి పూత వేశాం. అన్న పాట పాడుతున్నాడు. పాడడం అతనికి రాదు.

సాయంత్రం: పూత ఆరింది. కింది కావి పైకి ఊరింది. గోడంతా లేత గులాబీ రంగు!

పళనన్న సైకిల్ దిగి చూసి, ఇంకా మూడు పూతలు వేస్తేగానీ తెల్లబడదన్నాడు. వేస్తాను. తప్పకుండా వేస్తాను. రేపే మొదలు.

కానీ నిజం చెప్పాలంటే, వీధి ఆ చివరనుంచి చూస్తే ఈ గులాబీ రంగు ఏమంత చెడ్డగా లేదు. తలుపు ఒక్కటి ఆకుపచ్చగా ఉంటే...

ఊరికే అనుకున్నాను. ఊరికే.